ఆర్కే బీచ్ ఇసుక ఎటు పోతోంది? ఫ్లాట్ కొనేముందు ఒక సందేహం

మాధవధార_మైత్రి (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్తే. పుట్టి పెరిగింది వైజాగ్‌లో, ఉద్యోగం బెంగళూరులో. మా మావయ్య ఈ మధ్యే రిటైర్ అయ్యారు. సముద్రం కనిపించే ఫ్లాట్ కొనాలని ఒకటే పట్టు. బీచ్ రోడ్డు చుట్టుపక్కల రెండు మూడు చూసి వచ్చారు. బాల్కనీలో కూర్చుంటే ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసురా సబ్‌మెరైన్ కనిపించాలట, ఆయనకి అంతకంటే ఏమీ అక్కర్లేదు. అత్తయ్యకి మాత్రం భయం. ఏటా వానాకాలంలో బీచ్ కోసుకుపోయిందని, ఫుట్‌పాత్ కుంగిందని ఫోటోలు వస్తూనే ఉంటాయి కదా. నిజంగా సముద్రం ముందుకొస్తోందా, లేక అది ఏటా ఉండేదేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. గూగుల్‌లో చూస్తే సగం భయపెడుతున్నారు, సగం ఫ్లాట్లు అమ్ముతున్నారు.

చదరపుగజం (శనివారం, రాత్రి 9:31)

మైత్రి గారూ, నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నా. సీ వ్యూ ఫ్లాట్ ధర ఎప్పుడూ తగ్గలేదు. హుద్‌హుద్ తుపాను తర్వాత కూడా కొన్నాళ్ళు ఆగిందంతే. సముద్రం వస్తుందని ముప్ఫై ఏళ్ళ నుంచి అంటున్నారు. రోడ్డు అక్కడే ఉంది, సబ్‌మెరైన్ అక్కడే ఉంది. టెన్షన్ పడొద్దు.

పెదవాల్తేరు_కుర్రాడు (శనివారం, రాత్రి 9:50)

రోడ్డు అక్కడే ఉంది సార్. రోడ్డుకీ నీళ్ళకీ మధ్య ఉండాల్సిన ఇసుకే లేదు. మా నాన్న వాళ్ళు తెప్పలు లాగి పెట్టుకునే చోట ఇప్పుడు రాళ్ళున్నాయి.

డ్రెడ్జర్ తాతయ్య (శనివారం, రాత్రి 10:26)

అమ్మా మైత్రీ, నేను పనిచేసిందంతా ఇసుక తవ్వే ఓడల మీదే. రిటైర్ అయి చాన్నాళ్ళయింది, కానీ ఈ ప్రశ్న వింటే ఊరుకోలేను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

సముద్రం ముందుకొస్తోందా అని అందరూ అడుగుతారు. వైజాగ్‌లో ముందు అడగాల్సింది ఇసుక ఎక్కణ్ణుంచి రావాలి, ఎక్కడ ఆగిపోయింది అని. మన తీరంలో ఇసుక ఒక చోట పడి ఉండేది కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని కొడతాయి. కొట్టిన ప్రతిసారీ ఇసుకని కాస్త ఉత్తరానికి జరుపుతాయి. చలికాలంలో గాలి తిరిగితే కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్ళేదే ఎక్కువ. అంటే ఆర్కే బీచ్‌కి ఇసుక రావాల్సింది యారాడ వైపు నుంచి, డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టూ తిరిగి.

ఆ దారిలో మనం హార్బరు కట్టాం. 1933లో పోర్టు తెరిచారు. అప్పటికి అక్కడున్నది గెడ్డలు కలిసే ఉప్పుటేరు, బురద నేల. దాన్ని తవ్వి ఓడలు లోపలికి వచ్చేలా చేశారు. కానీ కాలువ నోట్లో ఇసుక పూడుకుపోతుందని కట్టినవాళ్ళకి ముందే తెలుసు. అందుకే రెండు పాత ఓడల్ని అక్కడ కావాలని ముంచి, వాటి అడ్డుతో కెరటాల్ని ఆపారు. ఈ ముచ్చట చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

తర్వాత 1970ల్లో ఔటర్ హార్బరు వచ్చింది. దక్షిణం వైపు గట్టు ఒక్కటే కిలోమీటరున్నర పొడవు ఉంటుంది. అంత రాతిగట్టు సముద్రంలోకి చొచ్చుకుపోతే ఇసుక ఎలా దాటుతుంది? దాటదు. గట్టు దగ్గర ఆగిపోతుంది. అక్కడే ఇసుక పడటానికని ఒక పెద్ద గుంట తవ్వి పెట్టారు. శాండ్ ట్రాప్ అంటాం. అందులో పడినదాన్ని ఏటా డ్రెడ్జరుతో తవ్వి, పైపుల్లో కోస్టల్ బ్యాటరీ వైపు, అంటే హార్బరుకి ఉత్తరాన ఆర్కే బీచ్ మొదలయ్యే చోట, ఒడ్డు మీదకి కొడతారు. నల్లటి బురదనీళ్ళలా పడుతుంది, వాసన కూడా వస్తుంది. నీళ్ళు జారిపోయాక మిగిలేది ఇసుక. రెండు మూడు వారాల్లో ఎండకి తెల్లబడుతుంది. జనం దాని మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తింటారు.

అంటే మన బీచ్ పింఛను మీద బతుకుతోందమ్మా. పింఛను సరిగ్గా పడిన ఏడాది ఆరోగ్యంగా ఉంటుంది. తగ్గినా, ఆలస్యమైనా ఆ వానాకాలమే తెలిసిపోతుంది.

మాధవధార_మైత్రి (శనివారం, రాత్రి 10:41)

తాతయ్యగారూ, చిన్నప్పుడు ఆ నల్లనీళ్ళ పైపు చూశాను! డ్రైనేజీ వదులుతున్నారని అనుకునేవాళ్ళం. ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళం.

భూగోళం మాస్టారు (ఆదివారం, ఉదయం 6:15)

తాతయ్యగారు చెప్పినదానికి ఒక కొస కలుపుతాను. ఔటర్ హార్బరు ఎందుకు అవసరమైందో చూస్తే కథ బస్తర్ అడవుల దాకా పోతుంది. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం. దాన్ని జపానుకి అమ్మాలి. అందుకోసం 1960ల్లో కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. మనం అద్దాల బోగీలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకునేది ఆ లైనులోనే. ఖనిజం ఎక్కించుకునే ఓడలు పెద్దవి, లోతు ఎక్కువ కావాలి, లోపలి హార్బరులో పట్టవు. అందుకని బయట సముద్రంలో గట్లు కట్టి కొత్త హార్బరు చేశారు. బైలదిల్లాలో తవ్విన రాయికీ, ఆర్కే బీచ్‌లో లేని ఇసుకకీ లంకె ఇదీ.

అంతకుముందు సంగతీ అలాంటిదే. మొదటి పోర్టు కట్టించింది మధ్య పరగణాల మాంగనీసు కోసం. రాయపూర్ నుంచి ఇటు రైలు లైను 1931లో పూర్తయింది, రెండేళ్ళకి పోర్టు తెరిచారు. ఊరు పెరిగింది కూడా ఆ వరసలోనే. 1941లో సింధియా వాళ్ళ నౌకా నిర్మాణ కేంద్రం, 1948లో అక్కణ్ణుంచి నెహ్రూ చేతుల మీదుగా జల ఉష ఓడ, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్, తర్వాత స్టీల్ ప్లాంట్. సముద్రం చూసి మురిసిపోవడానికి పుట్టిన ఊరు కాదిది. సముద్రం మీద సరుకు పంపడానికి పెరిగిన ఊరు. బాల్కనీలోంచి చూసే మోజు తర్వాత వచ్చింది.

ఇంకొకటి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక కూడా వెనకటిలా లేదు. శారద, వరాహ, తాండవ లాంటి చిన్న నదులు సముద్రానికి ఇసుక తెచ్చిపెట్టేవి. వాటి మీద ఆనకట్టలు, రిజర్వాయర్లు వచ్చాయి. మిగిలిన ఇసుక లారీలెక్కి ఊళ్ళోకి వచ్చి అపార్ట్‌మెంట్లయింది. చదరపుగజం గారు ఏమీ అనుకోకూడదు.

చదరపుగజం (ఆదివారం, ఉదయం 8:02)

అనుకోను మాస్టారూ. అయితే పోర్టు మూసేద్దామా? ఊరి జీతాలన్నీ అక్కణ్ణుంచే కదా.

డ్రెడ్జర్ తాతయ్య (ఆదివారం, ఉదయం 8:40)

మూయమని ఎవరన్నారు బాబూ. ఇసుక కొట్టడం ఆపకండి అంటున్నాం. దక్షిణాన ఆగినదంతా ఉత్తరానికి చేరాలి. వానలు మొదలయ్యే ముందు చేరాలి. బడ్జెట్ రాలేదనో, డ్రెడ్జరు వేరే పోర్టుకి వెళ్ళిందనో ఆలస్యం చేసి, తర్వాత పార్కు గోడ కూలిందని అందరూ వచ్చి ఫోటోలు దిగితే లాభం లేదు.

మెరీనాగాలి (ఆదివారం, ఉదయం 10:18)

చెన్నై నుంచి రాస్తున్నా, మా ముత్తాతల నాటి నుంచి ఇక్కడే. మీ కథ మాకు అద్దంలో తిరగబడి కనిపిస్తుంది. మద్రాసు హార్బరు పని 1870ల్లో మొదలైంది. 1881 నవంబరు తుపానుకి గట్లు కొట్టుకుపోతే మళ్ళీ కట్టారు. ఇక్కడా ఇసుక ఉత్తరానికే వెళ్తుంది కాబట్టి హార్బరుకి దక్షిణాన పేరుకుపోయింది. ఇవాళ జనం తిరిగే మెరీనా ఇసుక మైదానం చాలామటుకు అలా పోగుపడిందే. 1880ల్లో గవర్నరు గ్రాంట్ డఫ్ అక్కడ నడకదారి వేయించినప్పుడు నీళ్ళు ఇప్పటికంటే చాలా దగ్గర్లో ఉండేవి.

హార్బరుకి ఉత్తరాన ఉన్నది రాయపురం, కాసిమేడు. అక్కడ వీధులే పోయాయి. ఇప్పుడు పొడుగునా రాళ్ళ గోడ. ఒకే హార్బరు ఒక వైపు వాళ్ళకి సాయంత్రం షికారు ఇచ్చింది, ఇంకో వైపు వాళ్ళ ఇళ్ళు తీసుకుంది. ఉత్తరాన ఉన్నవాళ్ళు ఎక్కువమంది చేపలు పట్టేవాళ్ళు, కూలీలు. ఇది కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను.

వైజాగ్‌లో గమ్మత్తేంటంటే మీ షికారు బీచే హార్బరుకి ఉత్తరాన పడింది. అందుకే మీ దగ్గర ఇసుక కొట్టడానికి పైపులొచ్చాయి. రాయపురానికి ఆ భాగ్యం లేదు.

పెదవాల్తేరు_కుర్రాడు (ఆదివారం, ఉదయం 11:05)

> వైజాగ్‌లో గమ్మత్తేంటంటే మీ షికారు బీచే హార్బరుకి ఉత్తరాన పడింది

అన్నా, ఈ మాట బాగా పట్టుకున్నావు. కానీ మా ఊళ్ళోనూ అదే వరస. ఇసుక కొట్టేది సబ్‌మెరైన్ వైపు, టూరిస్టులు తిరిగే వైపు. ఇంకా ఉత్తరాన జాలరిపేటల దగ్గరికి అది ఎప్పుడు చేరుతుందో కెరటం దయ.

బీచ్ తగ్గితే మాకేమవుతుందో చెబుతా, ఫ్లాట్ కొనేవాళ్ళకి ఇది తెలియదు. ఒడ్డు పల్చగా, వాలుగా ఉంటే పడవ దింపడం, ఎక్కించడం తేలిక. ఇసుక కోసుకుపోతే ఒడ్డు నిటారుగా అవుతుంది, కెరటం దూరంగా విరగదు, సరిగ్గా కాళ్ళ దగ్గరికొచ్చి విరుగుతుంది. ఫైబర్ బోటు ముక్కు పైకి లేచి వెనక్కి పడుతుంది. ఇంజన్ మీద నీళ్ళు పడ్డాయంటే ఆ రోజు వేట లేనట్టే. తిరిగి వచ్చేటప్పుడు ఇంకా కష్టం. వరసగా పెద్ద కెరటాలు పోనిచ్చి, కాస్త నెమ్మదించినప్పుడు ఒక్క ఊపులో రావాలి. పైన రాళ్ళుంటే ఆ ఊపు ఎక్కడ ఆపుతాం? అలా పలకలు పగిలిన బోట్లు మా పేటలో చాలా ఉన్నాయి.

వలలు ఆరబెట్టడానికి, నెత్తళ్ళు ఎండబెట్టడానికి కూడా ఇసుకే కావాలి. ఇప్పుడు మా అమ్మ వాళ్ళు రోడ్డు పక్కన పట్టాలు వేసి ఆరబోస్తుంటే వాకింగ్‌కి వచ్చినవాళ్ళు వాసనని ఫిర్యాదు చేస్తారు. ఆ నెత్తళ్ళనే సాయంత్రం రెస్టారెంట్‌లో వేపుడు చేయించుకుని తింటారు.

చదరపుగజం (ఆదివారం, ఉదయం 11:22)

అది మాత్రం నిజం తమ్ముడూ 😀

దాదర్_పద్మశాలి (ఆదివారం, మధ్యాహ్నం 12:47)

మా ముంబయిలో వర్లీ కోలీవాడ (కోలీలనే జాలరుల పేట) వాళ్ళ గొడవ గుర్తొచ్చింది. కోస్టల్ రోడ్డు వంతెన స్తంభాల మధ్య 60 మీటర్లే వదిలారు. అలల్లో మా పడవలు ఆ సందులోంచి పోలేవని కోలీలు పని ఆపించారు. డ్రాయింగుల్లో 60 మీటర్లు బోలెడు. నీళ్ళ మీద ఊగే పడవకి చాలదు. చాలా కాలం కొట్లాడాక 2023లో దాన్ని 120 మీటర్లకి పెంచడానికి ఒప్పుకున్నారు. సముద్రం మీద పని చేసేవాళ్ళని డ్రాయింగు గీసేముందు అడిగితే సరిపోయేది.

ఇంకో సంగతి, ముంబయి అంటేనే ఏడు దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి కట్టిన ఊరు. ఆ మట్టి మోసిన చేతుల్లో మనవాళ్ళవీ ఉన్నాయి. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన కామాఠీల పేరే కామాఠీపురా. ఇప్పుడా పేటని వేరే కారణానికి గుర్తుపెట్టుకుంటారు, అది వేరే బాధ.

ఉప్పాడకెరటం (ఆదివారం, మధ్యాహ్నం 2:30)

మీరంతా బీచ్ వెడల్పు గురించి మాట్లాడుతున్నారు. కాకినాడ పక్కన మా ఉప్పాడలో ఊరే తగ్గింది.

మా అమ్మమ్మ పెళ్ళయి వచ్చిన ఇల్లు ఇప్పుడు నీళ్ళలో ఉంది. ఎక్కడని అడిగితే పడవలెళ్ళే వైపు చెయ్యి చూపిస్తుంది. గుళ్ళు పోయాయి, పాత బంగళాలు పోయాయి. ఒడ్డు కాపాడటానికని పెద్ద పెద్ద బట్ట గొట్టాల్లో ఇసుక నింపి కట్టలా పేర్చారు, జియో ట్యూబులంటారు. కొన్నేళ్ళు ఆగాయి. తర్వాత కెరటాలకి చిరిగి జారిపోయాయి. కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు తుపాను వచ్చిన ప్రతిసారీ తెగుతుంది, మళ్ళీ రాళ్ళు పోస్తారు, మళ్ళీ తెగుతుంది.

తుపాను వెలిసిన మర్నాడు మా ఊళ్ళో ఒక దృశ్యం చూడాలి. ఆడవాళ్ళు, పిల్లలు ఒడ్డున వంగి, దువ్వెన్లతో, పుల్లలతో తడి ఇసుక గీరుతూ ఉంటారు. బంగారం రవ్వలు దొరుకుతాయి. పాత ఇళ్ళు, గుళ్ళు కూలినప్పుడు కలిసిపోయిన బంగారమేనని పెద్దవాళ్ళ మాట. టీవీ వాళ్ళు వచ్చి ఉప్పాడలో బంగారు వాన అని వేస్తారు. పక్కనే కూలిన ఇల్లు వాళ్ళ కెమెరాకి కనిపించదు.

భూగోళం మాస్టారు (ఆదివారం, సాయంత్రం 4:10)

ఉప్పాడ సంగతి వైజాగ్ కంటే చిక్కు. గోదావరి తెచ్చిన ఒండ్రుతో కాకినాడ ముందు హోప్ ఐలాండ్ పొడుగ్గా పెరిగింది. దాని చాటున కాకినాడ సముద్రం చెరువులా ప్రశాంతంగా ఉంటుంది, ఊరికి అది పెద్ద కవచం. ఆ చాటు దాటగానే ఉప్పాడ ఉంది, కెరటాలు విరుచుకుపడేది అక్కడ. దీనికి తోడు గోదావరి మీద ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది, కాకినాడ రేవు గట్ల ప్రభావం కొంత. ఇన్ని కారణాలు ఒకే చోట కూడాయి.

ఒకే నది, ఒకే తీరం. కాకినాడకి కాపలా, ఉప్పాడకి కోత.

బందరులడ్డూ (ఆదివారం, సాయంత్రం 5:20)

మా బందరుది ఇంకో తీరు. ఒకప్పుడు డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్ళంతా కొట్లాడుకున్న రేవు, కలంకారీ బట్టలు ఓడలెక్కిన రేవు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. దానికితోడు రేవు పూడుకుపోవడం, రైలు బెజవాడ మీదుగా వెళ్ళడం. ఊరు సముద్రం వైపు చూడటం మానేసింది. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత అయితే సముద్రం అన్న మాటకే మా నాయనమ్మ దణ్ణం పెట్టేది. ఇప్పుడు మళ్ళీ కొత్త పోర్టు కడుతున్నారు, మళ్ళీ ఎకరం రేట్లు. చదరపుగజం గారి మనుషులు మంగినపూడి దాకా వచ్చేశారు.

మోడరేటర్ (ఆదివారం, సాయంత్రం 5:45)

ఏ ప్రభుత్వం ఏం చేసిందన్న చర్చకి వేరే దారం (థ్రెడ్) ఉంది. రెండు పోస్టులు అక్కడికి జరిపాను. ఇక్కడ తీరం సంగతే కొనసాగించండి.

తొట్లకొండ_సైకిల్ (ఆదివారం, రాత్రి 8:15)

హుద్‌హుద్ రోజు నేను లాసన్స్ బే కాలనీలో ఉన్నా. 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలి గంటకి 170, 180 కిలోమీటర్లని తర్వాత చదివాం. ఆ రోజు తెలిసిందల్లా చప్పుడు. మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందనుకుని పక్కింటివాళ్ళు స్కూటర్ చూసుకోవడానికి కిందికి దిగారు. తుపాను కన్ను అది. తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది, అప్పటిదాకా నిలబడ్డ చెట్లు అప్పుడు పడ్డాయి.

మైత్రి గారి ప్రశ్నకి దీనితో సంబంధం ఏంటంటే, సముద్రానికి ఎదురుగా నిలువెత్తు అద్దాలున్న ఇళ్ళు ఎక్కువ దెబ్బతిన్నాయి. నీళ్ళు ఇంట్లోకి వచ్చింది కెరటంతో కాదు, పగిలిన అద్దాల్లోంచి పక్కకి పడిన వానతో. సముద్రం అంటే కింద ఉన్న నీళ్ళే అనుకుంటాం. పదో అంతస్తులో ఉన్నవాళ్ళకి సముద్రం గాలి రూపంలో వస్తుంది. ఏసీలు, గ్రిల్సు, లిఫ్టు తీగలు ఉప్పుగాలికి తుప్పు పట్టడం మామూలు రోజుల్లోనే ఉంటుంది. మావయ్యగారు మెయింటెనెన్స్ ఎంతో గట్టిగా అడగాలి.

మాధవధార_మైత్రి (ఆదివారం, రాత్రి 8:50)

ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు. మావయ్యకి అన్నీ చదివి వినిపించా. ఆయన ప్రశ్న ఒకటే, గోడ కట్టేస్తే సరిపోతుంది కదా? చెన్నైలో ఉంది, ముంబయిలో ఉంది, ఇక్కడ కూడా గట్టి గోడ కట్టొచ్చు కదా అంటున్నారు.

డ్రెడ్జర్ తాతయ్య (ఆదివారం, రాత్రి 9:35)

మీ మావయ్య నా ఈడువాడే అనుకుంటా, మా తరానికి గోడ మీద నమ్మకం ఎక్కువ.

ఇసుక ఒడ్డు మీద కెరటం పరుచుకుంటూ వచ్చి బలం కోల్పోతుంది. గోడకి కొట్టిన కెరటం బలంతోనే వెనక్కి తిరుగుతుంది, తిరిగేటప్పుడు గోడ కాళ్ళ దగ్గరున్న ఇసుకని తోడుకుపోతుంది. రోడ్డు మిగులుతుంది, బీచ్ పోతుంది. గోడ ఎక్కడ ఆగిందో దాని పక్కన కోత మొదలవుతుంది, అక్కడివాళ్ళు మాకూ గోడ కావాలంటారు. అలా గోడ ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. కాపాడాల్సింది రోడ్డొక్కటే అయితే గోడ పనికొస్తుంది. బీచ్ కూడా కావాలంటే పనికిరాదు.

మెరీనాగాలి (ఆదివారం, రాత్రి 9:58)

పుదుచ్చేరి చూడమనండి. 1980ల చివర్లో రేవు గట్లు కట్టాక ఊరి ముందు బీచ్ మొత్తం మాయమైంది. ఫ్రెంచి వాళ్ళ నడకదారి పక్కన నల్ల బండలే. ఒక తరం పిల్లలు బీచ్ అంటే బండలనుకుని పెరిగారు. 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు నీళ్ళ అడుగున ఒక కృత్రిమ దిబ్బలాంటిది దింపారు. కెరటం దాని మీద నెమ్మదించి ఇసుక వదిలేస్తుంది. గాంధీ విగ్రహం వైపు మళ్ళీ ఇసుక చేరింది, జనం కాళ్ళు తడుపుకున్నారు. గోడ తప్ప దారి లేదు అనేవాళ్ళకి చూపించదగ్గ చోటు.

పెదవాల్తేరు_కుర్రాడు (ఆదివారం, రాత్రి 10:20)

అడుగున దిబ్బ దింపితే మా వలలు తగులుకుంటాయి. చేసేముందు మా పేటల్లో అడగాలి. వద్దనడం లేదు, అడగాలి అంటున్నా.

వేట తగ్గడానికి ఇసుకొక్కటే కారణం కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అది మంచిదే, చేపలు గుడ్లు పెడతాయి. నేవీ వైపు వెళ్ళకూడదు, పోర్టు దారిలో వల వేయకూడదు, ఓడలు లంగరేసిన చోట వేయకూడదు. మిగిలిన నీళ్ళలో చిన్న బోటు, పెద్ద మరబోటు, రింగు వల (చేపల గుంపుని చుట్టేసి పట్టే పెద్ద వల), అందరం ఒకరి మీద ఒకరం. 2022 సంక్రాంతి ముందు రింగు వలల మీద మాలో మేమే కొట్టుకున్నాం, బోట్లు తగలబడ్డాయి. పేపర్లో మత్స్యకారుల ఘర్షణ అని వేశారు. నీళ్ళు ఎంత ఇరుకయ్యాయో వేయలేదు.

మా తాత కొండల గుర్తులతో వల వేసేవాడు. డాల్ఫిన్ కొండ కొస ఒక వైపు, కైలాసగిరి ఇంకో వైపు, రెండూ ఫలానాగా కలిస్తే కింద రాతి నేల, కోనాం దొరుకుతుంది. ఇప్పుడు జీపీఎస్ ఉంది. తాత గుర్తుల్లో సగం కూడా కనబడవు, ముందు అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పుడు మా వాళ్ళు కొందరు ఫలానా టవరు లైటు అని గుర్తు పెట్టుకుంటున్నారు. చదరపుగజం సార్, మీ బిల్డింగులకి ఆ ఉపయోగం ఉంది.

చదరపుగజం (సోమవారం, ఉదయం 7:40)

తమ్ముడూ, నీకు ఉచితంగా లైటు వేయిస్తా.

సీరియస్‌గా ఒక మాట. మైత్రి గారూ, మీరు చూసే బిల్డింగు రోడ్డుకి నేల వైపు ఉందా, సముద్రం వైపు ఉందా ముందు చూడండి. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి, 2011లో, 2019లో మార్చారు. నగరంలో ఇప్పటికే కట్టేసిన ప్రాంతంలో, అప్పటికే ఉన్న రోడ్డుకి నేల వైపే కొత్త కట్టడాలకి అనుమతి. సముద్రం వైపు ఉండి, అనుమతి ఉంది అంటే కాగితం చేతికి తీసుకుని లాయరుకి చూపించండి. భీమిలి వైపు ఖాళీ స్థలాలకి నిబంధనలు వేరు, అక్కడ ఇంకా జాగ్రత్త. నా వ్యాపారానికి నష్టమైనా చెబుతున్నా.

తొట్లకొండ_సైకిల్ (సోమవారం, ఉదయం 8:25)

భీమిలి మాట వచ్చింది కాబట్టి. నేను వారం వారం సైకిల్ మీద ఆ రోడ్డున వెళ్తా. ఋషికొండ దాటాక ఇంకా కొన్ని చోట్ల మొగలి పొదలు, ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు ఉన్నాయి. దిబ్బ అంటే చూడ్డానికి వృథా స్థలంలా ఉంటుంది. తుపానొచ్చినప్పుడు కెరటం ఆ దిబ్బని తిని ఆగుతుంది, తర్వాత నెమ్మదిగా తిరిగి పోస్తుంది. దాన్ని చదును చేసి రిసార్టు వేస్తే కెరటం రిసార్టు మెట్లు తింటుంది. ఎర్రమట్టి దిబ్బల్ని భూవారసత్వ స్థలమని ప్రకటించాక కూడా కాపాడుకోవడానికి ఇంత తంటా పడుతున్నాం, పేరు లేని తెల్ల దిబ్బల్ని ఎవరు అడుగుతారు? భోగాపురం విమానాశ్రయం పేరుతో ఊరంతా అటే పాకుతోంది. ఆర్కే బీచ్‌లో చేయలేనిది అక్కడ ఇంకా చేయొచ్చు, ఏమీ కట్టకుండా వదిలేయడం.

చదరపుగజం (సోమవారం, ఉదయం 9:10)

వదిలేయమని పట్టాదారుకి మీరు చెప్పండి. అక్కడ భూమి ఉన్నవాళ్ళంతా కోటీశ్వరులు కారు. పిల్ల పెళ్ళికి అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు.

తొట్లకొండ_సైకిల్ (సోమవారం, ఉదయం 9:32)

అమ్ముకోవద్దని కాదు. దిబ్బ ఉన్న పట్టీ ప్రభుత్వం కొనాలి, ధర ఇచ్చి. రోడ్లకి కొంటారుగా.

భూగోళం మాస్టారు (సోమవారం, సాయంత్రం 6:05)

నీటిమట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటున సముద్రం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఇప్పుడు వేగం ఎక్కువైంది. జానెడు కూడా లేదు కదా అనిపిస్తుంది. వాలుగా ఉన్న ఇసుక ఒడ్డు మీద ఆ జానెడే చాలా దూరం లోపలికి వస్తుంది. పైగా తుపాను ఉప్పెన దాని మీద ఎక్కి వస్తుంది. ఇసుక సరిగ్గా అందుతున్న బీచ్ దీన్ని కొంత తట్టుకుంటుంది. పోర్టు ఒక చేత్తో పట్టుకుంటే, వాతావరణం రెండో చేత్తో లాగుతోంది. ఏది ఎంత అని వాదించుకోవడం కంటే, మన చేతిలో ఉన్నది ఇసుక పంపడం కాబట్టి దాని లెక్క ఏటా బయట పెట్టమని అడగడం మేలు. ఎంత తవ్వారు, ఎంత బీచ్ మీద వేశారు, ఏ నెలలో వేశారు. ఈ మూడు ముక్కలు కార్పొరేషన్ బోర్డు మీద రాసి సబ్‌మెరైన్ పక్కన పెడితే చాలు.

మాధవధార_మైత్రి (మంగళవారం, రాత్రి 9:05)

అప్‌డేట్. అత్తయ్య గెలిచింది, సగం. బీచ్ రోడ్డు మీదది వదిలేశారు. దాని వెనక వీధుల్లో, కొంచెం ఎత్తు మీద పాత అపార్ట్‌మెంట్ ఒకటి చూశారు. సబ్‌మెరైన్ కనిపించదు, సముద్రం ఒక ముక్క కనిపిస్తుంది. మావయ్య అలిగి మేడ మీదకెక్కి చూసి వచ్చి, ఫర్వాలేదు ఓడలు కనిపిస్తున్నాయి అన్నారు. మే నెలలో వెళ్ళి మళ్ళీ చూసి ఖాయం చేసుకుంటారట. ఇంకేమైనా చూడమంటారా?

పెదవాల్తేరు_కుర్రాడు (మంగళవారం, రాత్రి 9:20)

అక్కా, మే నెలలో ఒక్కసారి చూసి బీచ్ ఎలా ఉందో తేల్చుకోవద్దు. సంక్రాంతికి వెడల్పుగా ఉంటుంది, ఆగస్టులో సన్నబడుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు ఏటా ఒకే నెలవి పక్కపక్కన పెట్టి చూడండి. జనవరిదీ ఆగస్టుదీ పెట్టి పోల్చేవాళ్ళు భయపెట్టడానికే పెడతారు, ఆగస్టుదీ జనవరిదీ పెట్టేవాళ్ళు అమ్మడానికి. మావయ్యగారికి వంజరం కావాలంటే తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకి రమ్మనండి, నిషేధం రోజుల్లో మాత్రం కాదు.

డ్రెడ్జర్ తాతయ్య (మంగళవారం, రాత్రి 9:48)

ఎత్తు మీద తీసుకోవడం మంచి పని. ఇంకొకటి, ఆ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు నోట్లో వేసుకుని చూడమను. మే నెల అయితే సరిగ్గా తెలుస్తుంది, వానల తర్వాత అన్ని బోర్లూ తియ్యగానే ఉంటాయి. ఉప్పగా ఉంటే సముద్రం నేల కిందినుంచి వచ్చేసినట్టే. అప్పుడు కార్పొరేషన్ కుళాయి ఎన్ని గంటలొస్తుందో వాచ్‌మన్‌ని అడగాలి, అమ్మేవాణ్ణి కాదు.